అమరంలో కూర్చున్న సిపాయి

మీసాలు అంటించే ఆయన మనుషుల ముఖాలు చూడడు. ముక్కుకీ పై పెదవికీ మధ్య ఉన్న జాగా ఒక్కటే చూస్తాడు. ఆ సంగతి నేను ముందురోజే కనిపెట్టాను. మా రేవు పక్క కొబ్బరితోటలో సినిమా వాళ్లు డేరాలు వేశారు. కుర్రాళ్లు వరసలో నిలబడితే ఆయన కుంచెతో జిగురు రాసి, మీసం అద్ది, బొటనవేలితో నొక్కి, "నెక్స్ట్" అనేవాడు. ఒకడు తుమ్మితే "ఒక మీసం దండగ చేశావు" అని విసుక్కున్నాడు గానీ, అప్పుడు కూడా వాడి కళ్లలోకి చూడలేదు.

అందుకే మర్నాడు పొద్దున్న జడ ముడిచి తలపాగా కింద దాచి, తోలు కవచం తగిలించుకుని వరసలో నిలబడ్డప్పుడు నాకు పెద్దగా భయం వేయలేదు. నా ముందు మా మేనత్త కొడుకు శ్యామ్ బాబు బావ నిలబడ్డాడు.

"ఊపిరి బిగబట్టకే. ముక్కు ఎగరేస్తున్నావు," అన్నాడు వెనక్కి తిరగకుండా.

"నువ్వు మాట్లాడకు బావా."

"నెక్స్ట్," అన్నాడు మీసాలాయన. జిగురు చల్లగా తగిలింది. బొటనవేలు నొక్కుకుంది. అంతే, నేను సిపాయినైపోయాను.

ఇదంతా ఎందుకు చేయవలసి వచ్చిందో చెప్పాలి. మా నాన్న సత్తియ్యది రేవు పడవ. గోదావరి వైనతేయ పాయ మీద వంతెన వచ్చాక రేవు పల్చబడింది గానీ, లంక పొలాల్లోకి వెళ్లే కూలీలకీ, అక్కడినుంచి వచ్చే అరటిగెలలకీ కూరగాయలకీ ఇప్పటికీ మా పడవే దిక్కు. సాయంత్రం ఖాళీ పడవని ఇవతలి ఒడ్డుకి తెచ్చేటప్పుడు నాన్న చుక్కాని నా చేతికిచ్చేవాడు. నాకు పదేళ్లప్పటి నుంచీ అంతే. ఆ పడవకి ఎడమకి ఒరిగే గుణం ఉంది. చుక్కాని కర్రని చంకలో ఇరికించుకుని నడుంతో నెడుతూ ఉంటే తప్ప తిన్నగా పోదు. అది నాన్నకి తెలుసు, నాకు తెలుసు. కానీ మనుషులున్న పడవని నాన్న నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు.

"పడవ నేను నడుపుతాను నాన్నా," అని డిగ్రీ అయిపోయిన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నాను.

"నీకు రాదని కాదే గంగా," అనేవాడు. "ఆడపిల్ల చుక్కాని పట్టుకుంటే ఆ పడవ ఎవరెక్కుతారే?"

 ఎక్కుతారో లేదో ఎక్కించి చూస్తే కదా తెలిసేది!

ఈ మాఘమాసంలో నాన్న కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నల్లకళ్లద్దాలు పెట్టారు. నెల దాకా కంట్లో నీళ్లు పడకూడదన్నారు. ఇక పడవ శ్యామ్ బాబుకి ఇచ్చేస్తానని నాన్న అనేశాడు. కన్ను కుదుటపడగానే దాటింపు పెడతానన్నాడు. మా రేవులో అదొక పద్ధతి. కొత్తవాడికి చుక్కాని ఇచ్చే ముందు పాతవాడు పడవ ముందు భాగంలో, అంటే అణియంలో, వెనక్కి తిరగకుండా కూర్చుంటాడు. కొత్తవాడు వెనక అమరంలో ఉంటాడు. అవతలి ఒడ్డు చేరేదాకా పాతవాడు నోరు విప్పకూడదు. "చూసుకో" అని ఒక్క మాట అన్నా ఆ దాటింపు చెల్లదు. మా తాత నాన్నకి చుక్కాని ఇవ్వడానికి నాలుగుసార్లు దాటవలసి వచ్చిందట. మొదటి మూడుసార్లూ తప్పు నాన్నది కాదు, తాత నోటిది.

ఇంతలో సినిమా వాళ్లు వచ్చారు. యుద్ధానికి పడవలు కావాలి, పడవకొక చుక్కాని పట్టే సరంగు కావాలి, సిపాయిలుగా ఊళ్లో మగవాళ్లు కావాలి అన్నారు. అన్నిటికంటే ముందు వెళ్లడానికి మా పడవని ఎంచుకున్నారు. నాన్న శ్యామ్ బాబు పేరు చెప్పాడు. ఆ సాయంత్రం బావ మా దొడ్లోకి వచ్చి, కొబ్బరిమట్టల మీద కూలబడ్డాడు.

"మావయ్య అడిగితే కాదనలేక ఆయ్ అన్నానే. రొయ్యల చెరువు మీద మేత జల్లుకునేవోణ్ణి, నాకు చుక్కాని ఏటి తెలుసు? పైగా కెమెరా ముందుంటాది. అమరంలో కూచుంటే నా మొహం ఎవడికి కనిపిస్తాది చెప్పు?"

"అయితే నువ్వు ముందు కూచో," అన్నాను. "వెనక నేను కూచుంటాను."

బావ నా వంక చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, అమ్మ వంటింట్లోంచి తొంగిచూసేదాకా ఆపలేదు.

అసిస్టెంట్ డైరెక్టర్ ప్రవీణ్ కుమార్ గారు రేవులో బల్ల మీద నిలబడి మైకులో కథ చెప్పారు. ఒకే రాజ్యం, ఇద్దరు అన్నదమ్ములు. తండ్రి పోగానే రాజ్యం రెండుగా చీలింది. ఒకే ఊరివాళ్లు సగం అటూ సగం ఇటూ చేరి కొట్టుకుంటున్నారు. మేము తమ్ముడి సైన్యం. అన్న సైన్యం అవతలి ఒడ్డున ఉంటుంది. తప్పిపోయిన తన అన్నని వెతుక్కుంటూ హీరోయిన్ మగవేషం వేసుకుని మా సైన్యంలో చేరుతుంది.

"ఏవండీ," అని ఒకాయన చెయ్యెత్తాడు. "అవతలొడ్డు మా అత్తోరి ఊరండి. బాణం ఎలా వెయ్యమంటారండి?"

"మీ బావమరుదులు కూడా అక్కడ సిపాయిలే కదండీ, ముందు వాళ్లేత్తారులెండి," అన్నాడు పక్కవాడు. "అంతర్యుద్ధం అంటే అదే."

ప్రవీణ్ కుమార్ గారు ముఖం తుడుచుకున్నారు. సేనాపతి వేషం వేసిన నటుడు కత్తి ఎత్తి "వీరులారా! సిద్ధమేనా?" అని అడుగుతాడని, అందరూ ఒక్క గొంతుతో "సిద్ధం ప్రభూ!" అనాలని చెప్పారు. కెమెరా తిరిగింది. సేనాపతి కత్తి ఎత్తాడు.

"వీరులారా! సిద్ధమేనా?"

"ఆయ్!" అంది సైన్యం.

"కట్! ఆయ్ కాదండీ బాబూ, సిద్ధం ప్రభూ. అర్థమైందా?"

"ఆయ్!"

మళ్లీ తీశారు. మళ్లీ ఆయ్. పెద్దవాళ్లు అడిగినప్పుడు "అవునండీ"కి బదులు మా నోట్లోంచి అదే వస్తుంది, మేమేం చేస్తాం? అమలాపురం కాలేజీ కుర్రాళ్లు నలుగురు మాత్రం సరిగ్గా "సిద్ధం ప్రభూ" అన్నారు గానీ, చివర్లో "అండీ" చేర్చారు. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి వస్తుంటే అందరం బిగుసుకుపోయాం. ఆయన కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నారు. "ఉంచండి ప్రవీణ్. ఆ రాజ్యంలో అలాగే అంటారు," అన్నారు. నాకు మాత్రం ఆ అరుపే కలిసొచ్చింది. అంతమంది గొంతుల్లో నా గొంతు ఎవరికీ వినబడలేదు.

తర్వాత వీడ్కోలు. ఊరి ఆడవాళ్లు హారతి పళ్లేలతో నిలబడి, యుద్ధానికి వెళ్లే సిపాయిలకి బొట్టు పెట్టి ఏడవాలి. వాళ్లలో మా అమ్మ దుర్గమ్మ ఉందని నేను ముందుగా చూసుకోలేదు. ఏడవమంటే ఆమెకి నవ్వొస్తోంది. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఒక్కొక్కరికీ బొట్టు పెడుతూ నా దగ్గరికి వచ్చింది. కుంకుమ వేలు నా నుదుటి దగ్గర ఆగిపోయింది.

నేను నేల చూశాను. అమ్మ నవ్వు ఆగింది. కెమెరా మాకు బాగా దగ్గరగా ఉంది.

"క్షేమంగా ఇంటికి రా నాయనా," అంది అమ్మ, చెప్పమన్న మాట చెబుతూ. బొట్టు రూపాయి బిళ్లంత పెట్టింది. పళ్లెం కింద నుంచి నా చెయ్యి గట్టిగా గిల్లింది. "ఇంటికి రా, నీ సంగతి చెప్తాను." ఆ రెండో మాట చెప్పమన్నది కాదు.

ఆవిడ కళ్లలో అప్పుడే నీళ్లు వచ్చాయి. "సూపర్ అమ్మా!" అన్నారు ప్రవీణ్ కుమార్ గారు.

పడవ ఎక్కేముందు నీళ్లు చేత్తో తీసి కళ్లకద్దుకున్నాను. బావ ఈటె పట్టుకుని అణియంలో నిలబడ్డాడు, ఛాతీ ముందుకి పెట్టి. తెడ్లు వేసేవాళ్లు అటూ ఇటూ కూర్చున్నారు. నా ముందు బల్ల మీద హీరోయిన్ సుస్మిత గారిని కూర్చోబెట్టారు. ఆవిడకీ మా అందరిలాగే కవచం, తలపాగా. మీసం లేదు. ఎంత చూసినా ఆడమనిషిలాగే ఉంది. చెవి తమ్మెలు నున్నగా, మెడ తెల్లగా. ఆవిడ రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఇది మునగదుగా?" అంది.

నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ కళ్లు తెరిచి వెనక్కి తిరిగి నా ముఖం చూసింది. పై నుంచి కిందికి కాదు, ముక్కు దగ్గర ఆగి చూసింది. ముక్కుపుడక తీసి, కన్నం పూడిపోకుండా సన్నటి వేపపుల్ల గుచ్చుకున్నాను. మీసాలాయన జాగాలోకి అది రాదు. ఈవిడ జాగాలోకి వచ్చింది.

"అమ్మాయివా?" పెదవులు కదిపీ కదపకుండా అడిగింది.

చేసేదేముంది? "ఆయ్," అన్నాను నెమ్మదిగా.

"నేను నాలుగు నెలలు ట్రైనింగ్ తీసుకున్నాను మగాడిలా కూర్చోవడానికి," అంది ఆవిడ. భుజాలు కదిలేలా నవ్వింది. భయం సగం పోయినట్టుంది, పడవ అంచు మీద ఒక చెయ్యి వదిలేసింది.

ఐదు పడవలు బయల్దేరాయి. పైన డ్రోన్ తిరుగుతోంది. ఐదూ ఒక వరసలో అవతలి ఇసుక మేట దగ్గరికి చేరాలని చెప్పారు. కానీ ఎవరూ అడగని సంగతి ఒకటుంది. సముద్రం ఆటు మొదలైంది. పాయలో నీళ్లు కిందికి లాగుతున్నాయి. తిన్నగా మేట వైపు తోలితే మేట దాటిపోయి సముద్రం వైపు జారిపోతాం. ముందు మన ఒడ్డునే అంటుకుని పైకి వెళ్లాలి, అక్కడ లాగుడు తక్కువ. తర్వాత అడ్డంగా కోస్తే నీళ్లే మేట దగ్గరికి దింపుతాయి. మిగతా పడవల సరంగులకీ ఆ సంగతి తెలుసు. కానీ సినిమా వాళ్లు తిన్నగా పొమ్మన్నారు కదా, పెద్దవాళ్ల మాట ఎందుకు కాదనడం అని ఊరుకున్నారు. తెడ్లు వేసేది కాలేజీ కుర్రాళ్లాయె. తెడ్డు నీళ్లలోకంటే పక్కవాడి మోచేతికే ఎక్కువ తగులుతోంది. రెండో పడవ అప్పుడే పక్కకి తిరిగిపోతోంది.

అరవాలి. అరిస్తే నా గొంతు. చుక్కాని చంకలో ఇరికించుకుని ముందుకి వంగాను.

"అక్కా, నేను చెప్పింది మీరు గట్టిగా అరుస్తారా?"

సుస్మిత గారు ఒక్క క్షణం నీళ్లవైపు చూసింది. తర్వాత తలపాగా సర్దుకుని నిలబడింది! ఆవిడ అలా లేస్తుందని నేను అనుకోలేదు.

"ఒడ్డుకి పట్టండి! అందరూ ఒడ్డుకి అంటుకుని పైకి!" అని అరిచింది. ఆ గొంతు మైకు లేకుండానే అవతలి ఒడ్డుకి వినబడేంత. మామూలుగా సరంగు చెబితే పదిసార్లు అడిగే కుర్రాళ్లు హీరోయిన్ చెప్పేసరికి వెన్నులు విరిగేలా తెడ్లు వేశారు. "ఎడమ వాళ్లు ఆపండి! కుడి వాళ్లు లాగండి!" నేను గొణగడం, ఆవిడ అరవడం. మా వెనకే రెండో పడవ తిరిగింది, తర్వాత మిగతావీ. పాయ వంపు తిరిగే రావిచెట్టు తిరుగుడు దాకా పైకి వెళ్లి, "ఇక కొయ్యండి!" అనిపించాను. నడుంతో నెట్టాను. పడవ ఎడమకి ఒరగబోయి, నా మాట విని తిన్నగా పోయింది. ఐదు పడవలూ కొంగల్లా ఒక వరసలో మేట మీదికి దిగాయి.

షాటు అదిరిపోయిందని మైకులో చెప్పారు. మళ్లీ ఇవతలికి తోలుకొచ్చి రేవులో పడవ ఆపేసరికి ఒడ్డున చప్పట్లు కొడుతున్నారు. అన్నిటికంటే ముందు నాన్న నిలబడి ఉన్నాడు, నల్లకళ్లద్దాలతో, చేతులు రెండూ పైకెత్తి.

"చూశారా అండీ!" అంటున్నాడు పక్కనున్న ప్రతివాడితోనూ. "మా మేనల్లుడు! నాకు కన్ను సరిగా ఆనదు గానీ నా పడవ నడక నాకు తెలుసు. ఒక్కసారి ఎడమకి ఒరిగిందేమో చెప్పండి! దాటింపు కూడా అక్కర్లేదు. శ్యామ్ బాబూ, ఒరేయ్, పడవ నీదిరా. ఇదిగో అందరి ముందూ చెబుతున్నాను."

 నేను ఎంత బాగా తోలానో అంత గట్టిగా పడవ బావ చేతిలోకి వెళ్లిపోతోంది. మా రేవులో నలుగురి ముందు అన్న మాట వెనక్కి తీసుకోరు. బావ ఈటె పక్కన పెట్టాడు.

"మావయ్యా, అది కాదు..." అన్నాడు.

"నువ్వూరుకోరా, నీకు సిగ్గెక్కువ," అన్నాడు నాన్న.

ఇంక ఆగలేదు. పడవలో లేచి నిలబడి మీసం పట్టుకుని లాగాను. జిగురు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. సగం ఊడొచ్చింది, సగం పెదవి మీదే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తలపాగా తీసేస్తే జడ వీపు మీద పడింది.

"నేను నాన్నా. గంగని."

 మొదట తేరుకున్నది ప్రవీణ్ కుమార్ గారు. "అయ్యో, మీసం! తిరుగు ప్రయాణం షాటు ఇంకా ఉందండీ, అదీ ఇటునుంచి అటే తీయాలి! మేకప్!" అని పరుగెత్తారు. డైరెక్టరు గారు నా దగ్గరికి వచ్చి సగం మీసం వంక చూశారు. "నాలుగు నెలల నుంచి నాకు ఒకటే బెంగమ్మా, ఆడపిల్ల సైన్యంలో ఉంటే ఎవరూ కనిపెట్టలేదంటే జనం నమ్ముతారా అని. పొద్దున్నుంచీ నువ్వు నా సైన్యంలోనే ఉన్నావా?"

"ఆయ్."

 నాన్న నల్లకళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆడపిల్ల చుక్కాని పడితే ఎవరెక్కుతారే అన్నాను కదా," అన్నాడు చివరికి.

"మేం ఎక్కేం కదండీ సత్తియ్య బాబాయ్!" అన్నాడు తెడ్డు వేసిన కుర్రాడొకడు.

"తెలిసి ఎక్కేరట్రా?"

వాడు తల గోక్కున్నాడు.  అది న్యాయమైన మాటే. మీసాన్ని నమ్మి ఎక్కారు గానీ నన్ను నమ్మి కాదు కదా. మీసాలాయన వచ్చి, ఊడిన సగం మళ్లీ అంటించాడు. ఈసారి మాత్రం నా ముఖం మొత్తం చూశాడు. నేను జడ ముడుచుకుని అమరంలోకి వెళ్లి, చుక్కాని చంకలో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరినీ పిలవలేదు. పిలిచి ఎక్కిస్తే లెక్కలోకి రాదనిపించింది.

ముందు సుస్మిత గారు దిగింది నీళ్లలోకి. "నాకు ఈ పడవ తప్ప ఇంకోటి వద్దు సార్," అని డైరెక్టరు గారితో చెప్పి, వచ్చి తన బల్ల మీద కూర్చుంది. ఆవిడ హీరోయిన్, ఆవిడ సంగతి వేరు అనుకున్నాను. తర్వాత అవతలి ఒడ్డు అల్లుడుగారు పంచె ఎగ్గట్టాడు.

"మా అత్తోరింటికి క్షేమంగా దింపింది తల్లి. నేనెక్కుతానండి," అన్నాడు. ఆయన వెనక కాలేజీ కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ ఎక్కారు. ఒడ్డున పళ్లెం పక్కన పెట్టేసి మా అమ్మ కూడా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"అమ్మా, మీరు ఊరి ఆడవాళ్లలో ఉన్నారండీ! పడవలో సిపాయిలే ఉండాలి!" అన్నారు ప్రవీణ్ కుమార్ గారు దణ్ణం పెడుతూ.

"మరి అది?" అంది అమ్మ నన్ను చూపించి.  అమ్మని బతిమాలి ఆపేసరికి ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు నాన్న కదిలాడు. లుంగీ మడిచి కట్టుకుని నీళ్లలోకి నడిచి, అణియంలో నిలబడ్డ శ్యామ్ బాబుని "జరగరా" అని పక్కకి నెట్టి, అక్కడ కూర్చున్నాడు. వీపు నా వైపు, ముఖం నది వైపు. రేవులో ఉన్న మా వాళ్లందరికీ అదేమిటో అర్థమైంది. ఆడవాళ్లలో ఎవరో చప్పున నోరు నొక్కుకున్నారు.

"తాతగారూ! ఫ్రేములో నల్లకళ్లద్దాలు!" అన్నారు ప్రవీణ్ కుమార్ గారు.

నాన్న పలకలేదు. పలకకూడదు కదా.

"పడవ దాటేదాకా ఆయన మాట్లాడరండి," అన్నాడు బావ. "లేవరు కూడాను."

డైరెక్టరు గారు కొంచెం ఆలోచించారు. యుద్ధం నుంచి వస్తున్న పడవే కాబట్టి గాయపడ్డ సిపాయి ఒకడుండొచ్చన్నారు. చిటికెలో నాన్నకి కవచం తొడిగి, కళ్లద్దాలు తీసి, కన్నుమీదుగా గుడ్డ కట్టి, దానికి ఎర్ర రంగు పూశారు. మీసాలాయన ఒక మీసం కూడా అంటించాడు. ఒడ్డున అమ్మ పళ్లెం అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నాన్న ఒంటికన్నుతో ఆవిడవైపు ఉరిమి చూశాడు గానీ ఒక్క మాట అనలేదు.

ఆటు ఇంకా లాగుతూనే ఉంది. గొణగవలసిన పని లేకపోయింది, ఈసారి నేనే అరిచాను. ఒడ్డు వెంట పైకి పట్టాను. నాన్న వీపు చూస్తూ తోలుతున్నాను. తిరుగుడు దగ్గర పడవ కొంచెం ఎడమకి ఒరిగింది. నాన్న భుజాలు బిగుసుకున్నాయి. చెయ్యి పడవ అంచు మీదికి వెళ్లింది. తల సగం తిరిగి, మళ్లీ నదివైపుకి వెళ్లిపోయింది. నడుంతో నెట్టాను. పడవ సర్దుకుంది. బిగిసిన భుజాలు వదులయ్యాయి. తెడ్లు వేసే కుర్రాళ్లు కూడా ఊపిరి బిగబట్టే ఉన్నారని అప్పుడు చూశాను. బావ వాళ్లకి పద్ధతి చెప్పేసినట్టున్నాడు.

అణియం ఇసుకని మెత్తగా తాకింది. "కట్!" అని ఇవతలి ఒడ్డునుంచి మైకు అరిచింది. ఎవరూ దిగలేదు. అందరూ నాన్న వీపువైపే చూస్తున్నారు.

"ఏం నాన్నా," అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినబడింది. "పడవ నాదేనా?"

నాన్న నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. ఒక కంటికి కట్టు, చెంప మీద ఎర్ర రంగు, మూతి మీద వంకర మీసం. ఇన్నాళ్లూ సాయంత్రాలు ఖాళీ పడవలో నన్ను చూసినట్టే చూశాడు. తర్వాత పడవ నిండా ఉన్న మనుషుల్ని చూశాడు.

"ఆయ్," అన్నాడు.